డైరీలో “ఈరోజు బాగా గడిచింది” అని రాయకండి

(పాత డైరీ, కెమెరాకి బాగా దగ్గరగా)

ఇది నా 2014 డైరీ. జనవరి 1 నుంచి 9 దాకా రాశాను, తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. మొన్న తీసి చూస్తే ఆ తొమ్మిది రోజులూ ఒకటే వరస: “ఈరోజు బాగా గడిచింది”, “మనసు బాగోలేదు”. ఎందుకు బాగోలేదురా బాబూ, ఎవరేమన్నారు? ఒక్క ముక్క లేదు!

(వేలు 12వ తేదీ పేజీ మీద)

ఇక్కడ మాత్రం పాల లెక్క ఉంది. “12న పాలు వద్దన్నాం, ఊరెళ్లాం.” అంతే. అది చదవగానే అర్ధరాత్రి ఫోను, తాతయ్య పోయారన్న కబురు, తెల్లవారుజామున బస్టాండులో అమ్మ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని నిలబడటం, అన్నీ కళ్ల ముందుకొచ్చేశాయి.

(తెర మీద పాత మద్రాసు బొమ్మ)

ఈ కిటుకు తెలిసినాయన మనకి ఎప్పుడో ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మేలో కాశీకి బయల్దేరి, తిరుపతి, హైదరాబాదు, నాగపూర్ మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో చూసిందంతా శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడికి రాస్తూ వచ్చాడు, ఆ స్నేహితుడే దాన్ని 1838లో అచ్చు వేయించాడు. అదే కాశీయాత్ర చరిత్ర. అందులో భక్తి ఉంది, సరే, కానీ ఈ మజిలీలో సామాన్లు దొరుకుతాయా, దారి ఎలా ఉంది, ఏరు ఎలా దాటాం, ఇవీ ఉన్నాయి. నాకైతే అసలు రుచి అక్కడే ఉంది. చదివే మనిషి ఆ దారిలో లేడు కదా, అందుకే అన్నీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

మీరూ అలాగే ఒక మనిషిని అనుకోండి. దుబాయ్‌లో ఉన్న తమ్ముడో, ఇంకా పుట్టని మనవరాలో. రాత్రి పడుకునే ముందు నాలుగైదు లైన్లు చాలు: ఎక్కడున్నారు, ఎవరు ఏ మాట అన్నారు (వాళ్ల యాసలోనే రాయండి, బాగు చేయకండి), ఎంత ఖర్చయింది. ఫోన్లోనా, పుస్తకంలోనా అంటారా, మీ ఇష్టం. ఇంట్లో వాళ్లు చదివేస్తారని టెన్షన్ ఉంటే ఫోనే మేలు.

పుస్తకమైతే ఎడమ పేజీలోనే రాసి, కుడి పేజీ ఖాళీగా వదలండి. కొన్ని నెలలయ్యాక చదివి, ఇప్పుడేమనిపిస్తోందో అక్కడ రాయాలి. పాతది మాత్రం కొట్టేయొద్దు, ఎంత సిగ్గనిపించినా సరే. అప్పుడు అలా అనుకున్నది కూడా మీరే కదా.

(మళ్లీ 12వ తేదీ, పక్కన కొత్త ఇంకు)

ఇది నేను మొన్న రాసింది. చెప్పుల సంగతి అమ్మని అడిగాను, తనకి అస్సలు గుర్తు లేదట. ఆ కంగారులో పర్సు ఇంట్లోనే మర్చిపోతే, బస్సులో పక్క సీటాయన మా ఇద్దరికీ టికెట్ తీశాడట. ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు.