ఇంటి నుంచి కౌన్సెలింగ్: ముందు తలుపు సంగతి చూడండి

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, తెర మీద మాట్లాడితే గుణం కనిపిస్తుందా అని. డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలకు వీడియోలో చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ, అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), ఎదురుగా కూర్చుని చేసినదానికి ఇంచుమించు సమానంగా పనిచేస్తుందని అధ్యయనాల్లో తేలింది. బెడిసికొట్టేది వేరేచోట. క్లినిక్‌లో గది తలుపు మూసే బాధ్యత కౌన్సెలర్‌ది. ఇంట్లో అది మీ మీద పడుతుంది.

పక్క గదిలో ఎవరో ఉన్నారంటే నోరు దానంతటదే మూతపడిపోతుంది. బాధ ఆ ఇంట్లోవాళ్ల గురించే అయితే ఇక చెప్పనక్కర్లేదు. 'నిద్ర సరిగా పట్టడం లేదండీ' అంటూ పైపైన మాట్లాడుతుండగానే 45 నిమిషాలు అయిపోతాయి. ఆనక కౌన్సెలింగే దండగ అనిపిస్తుంది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కౌన్సెలర్ మాట బయటికి పోదు, మీ గొంతు మాత్రం పోతుంది. ఎక్కువగా తలుపు కింది సందులోంచే పోతుంది. అక్కడ ఒక టవల్ చుట్టి అడ్డం పెట్టండి. రేడియోనో ఫ్యానో పెట్టదలిస్తే తలుపుకు అవతల పెట్టాలి. గదిలో పెడితే ఆ చప్పుడంతా మైకులోకే వస్తుంది. మీరు మామూలు గొంతుతో మాట్లాడింది రికార్డు చేసి, గదిలో అంతే శబ్దంతో మోగిస్తూ బయట నిలబడి వినండి. మాటలు విడివిడిగా అర్థమవుతున్నాయంటే వేరే చోటో వేరే వేళో చూసుకోవాలి. ఆపి ఉంచిన కారు కూడా మంచి గదే. పైకి అనలేని మాటను చాట్‌లో టైప్ చేయొచ్చు. ఎవరైనా హఠాత్తుగా లోపలికొస్తే అనడానికి ఒక మామూలు వాక్యం ముందే కౌన్సెలర్‌తో అనుకోండి, 'ఆ ఫైలు రేపు పంపుతాను' లాంటిది. అది వినగానే ఆయన మాట మారుస్తారు.

మొదటి సెషన్లో కౌన్సెలర్ మిమ్మల్ని మీరు ఆ క్షణాన ఉన్న చిరునామా, మీ దగ్గరివాళ్ల ఫోన్ నంబరు అడుగుతారు. అది ఆరా తీయడం కాదు. మీకు ప్రాణాపాయం వస్తే సాయం ఎక్కడికి పంపాలో తెలియాలి కదా. ఊరు మారితే ఆ రోజే చెప్పండి. మీరూ అడగండి: అర్హత ఏమిటి, రికార్డు చేస్తారా, ఏ పరిస్థితుల్లో విషయం బయటపెడతారు? మందులు అవసరమైతే సైకియాట్రిస్టును, అంటే మానసిక వైద్యుణ్ని, సంప్రదించాలి.

నెట్ సరిగా లేకపోతే ముందు వీడియో ఆపండి, మాట నిలవడం ముఖ్యం. కాల్ తెగితే ఎవరు ఎవరికి చేయాలో ముందే తేల్చుకోండి. ఏడుపు మధ్యలో తెర ఆగిపోయి, అవతలి మనిషి వెళ్లిపోయారో ఉన్నారో తెలియకపోవడం చాలా కష్టంగా ఉంటుంది. ఫోన్ చేత్తో పట్టుకోకుండా కళ్ల ఎత్తున నిలబెట్టండి. తెర మీద మీ బొమ్మ మీకు కనబడకుండా చేసుకోండి, లేకపోతే చూపు పదేపదే దాని మీదికే పోతుంది.

సెషన్ అయ్యాక 15 నిమిషాలు ఏ పనీ పెట్టుకోవద్దు. వెంటనే ఆఫీసు మెయిల్ తెరిస్తే, కదిలిన మనసు కుదుటపడే వ్యవధి ఉండదు.

చనిపోవాలన్న ఆలోచన బలంగా వస్తున్నా, లేని మాటలు వినిపిస్తున్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఎవరినైనా తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి, లేదా అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.