గుండుగుత్త లెక్క

శ్రోతలకు నమస్కారం.

మీ స్కూటరు ఇప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ఎవరైనా అడిగితే ఏమంటారు? "ముప్ఫై వేలు దాటి ఉంటుంది" అంటారు. మీటరు చూసి రాయమన్నా చాలామంది 31,000 అనో 31,500 అనో రాసి ఊరుకుంటారు. 31,387 అని పొల్లుపోకుండా రాసేవారు ఎక్కడో ఒకరుంటారు. మనిషి లెక్క గుండుగుత్త లెక్క. అంకె వెనుక నిజంగా ఒక మనిషి ఉన్నాడనడానికి అదొక ఆనవాలు. ఈ చిన్న సంగతే 2021లో ఒక పేరుమోసిన పరిశోధన బండారం బయటపెట్టింది.

అది ఆర్థిక మనస్తత్వశాస్త్రానికి చెందిన పరిశోధన. పేరు విని బెదరకండి. డబ్బు ముందు మనిషి బుర్ర ఎలా నడుస్తుందో చూసే శాస్త్రం, అంతే. జాలరిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలావిడ కొంగుకు రెండు ముడులుంటాయి. ఒకదానిలో రేపటి సరుకు డబ్బు, ఇంకోదానిలో పిల్లవాడి ఫీజు. రెండింటిలోనూ అవే నోట్లు. అయినా సరుకుకు తక్కువ పడితే ఫీజు ముడి విప్పదు, వడ్డీకి అప్పు తెస్తుంది. ఇలాంటి మనసులోని పద్దుల గురించి రాసిన అమెరికా ఆచార్యుడు రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మన అమ్మమ్మలకు కొంగుముడి సంగతి ముందే తెలుసుననుకోండి, వాళ్లు వ్యాసాలు రాయలేదు.

ఇక ఆ పరిశోధన. 2012లో ఐదుగురు కలిసి అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఫారం అడుగున కాకుండా పైనే సంతకం పెట్టించుకుంటే జనం నిజం రాస్తారని అందులో తేల్చారు. ఒక కారు బీమా సంస్థకు వచ్చిన 13,488 ఫారాల్లోని మీటరు అంకెలను ఆధారంగా చూపారు. ఒక్కో కారుకు రెండు అంకెలు, అంతకుముందు ఒకసారి ఇచ్చినదొకటి, ఈ ఫారంలో రెండోసారి రాసినదొకటి. రెంటికీ తేడాయే కారు తిరిగిన దూరం. అదే రచయితలు మరి ఇద్దరిని కలుపుకుని మళ్లీ ప్రయోగాలు చేస్తే ఆ ఫలితం రాలేదు. ఆ మాట 2020లో వాళ్లే అచ్చువేశారు, పాత అంకెలనూ అందరి ముందూ పెట్టారు. అదే కొంప ముంచింది.

యూరి సైమన్‌సన్, జో సిమన్స్, లీఫ్ నెల్సన్ అనే ముగ్గురు ఆచార్యులు, పేరు చెప్పుకోని మరికొందరి సాయంతో ఆ అంకెలను జల్లెడ పట్టారు. మన విశాఖపట్నాన్నే చూడండి. కాంప్లెక్సు నుంచి గాజువాకకు రోజంతా తిరిగే ట్యాక్సీ ఒకటి. శనివారం సింహాచలానికి తప్ప గేటు దాటని రిటైర్డ్ ఉద్యోగి కారు ఇంకోటి. ఎక్కువ బండ్లు ఈ రెంటికీ నడుమ ఎక్కడో పోగవుతాయి. ఆ పట్టికలో పోగు లేదు. సున్నా నుంచి 50,000 మైళ్ల వరకు అన్ని దూరాల దగ్గరా ఇంచుమించు సమానంగా కార్లు, అది దాటాక ఒక్కటీ లేదు. రెండోసారి రాసిన మీటరు అంకెల్లో గుండుగుత్తవి కనబడలేదు. అన్నిటికంటే విడ్డూరం, మొదటిసారి అంకెల్లో సగం ఒక అక్షరరూపంలో, అంటే ఒక ఫాంటులో, సగం ఇంకో రూపంలో ఉన్నాయి. ఒక రూపంలోని అంకెకు వెయ్యి లోపు ఏదో ఒకటి కలిపితే రెండో రూపంలోని అంకె వచ్చేలా జంటలు జంటలుగా దొరికాయి. అంటే సగం కార్లు మిగతా సగానికి నకళ్లేనన్నమాట. వ్యాసాన్ని ఆ ఏడాదే ఉపసంహరించారు. అంకెలు కల్పించింది నేనేనని ఐదుగురిలో ఎవరూ ఒప్పుకోలేదు. వ్యాసం నిజాయతీ గురించి, ఇక నేను చెప్పేదేముంది.

దూరాన ఎవరో చేసిన తప్పని నవ్వుకోవడం తేలిక. చాలా ఏళ్ల కిందట నా దగ్గర పీజీ ప్రాజెక్టు చేసిన ఒక కుర్రవాడు గుర్తొస్తాడు. రేవులో చేపలమ్మే ఆడవాళ్ల పొదుపు అలవాట్లు అతని విషయం. 120 ప్రశ్నావళి ఫారాలు కట్టగట్టి తెచ్చాడు. ఒక్క ఫారానికి మడత లేదు, మరక లేదు. నెల ఆదాయాలు 7,340, 6,815, 8,165. ఇంత లెక్కగా చెప్పే వ్యాపారి మన రేవులో ఉందా అనుకుంటూ మే నెల గడి చూశాను. ఫిబ్రవరిలో ఎంతో మేలోనూ అంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరపడవలన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. తెప్పల మీద పట్టుకొచ్చే కాస్త తప్ప సరుకుండదు.

"మే నెలలో ఈ చేపలు ఎక్కడివి నాయనా?" అన్నాను.

చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. "శుక్రవారమే గడువన్నారు కదండీ" అన్నాడు చివరికి.

ఆ గడువు పెట్టింది నేను.

మొత్తం కల్పించడం అరుదు. అంతకంటే ఎక్కువగా జరిగేది మర్యాదస్తుల మోసం. అసలు ఏమీ లేకపోయినా యాదృచ్ఛికంగా ఇటువంటి ఫలితం నూటికి ఐదుసార్ల కంటే తక్కువే వస్తుందని చూపితే పత్రికలు దాన్ని ఫలితంగా పరిగణిస్తాయి. మంచిదే. కానీ ఇరవైసార్లు గవ్వలు వేసి, పంట పండిన ఒక్కసారి గురించే ఊరంతా చెప్పుకుంటే? 2011లో పైన చెప్పిన ముగ్గురే కావాలని ఈ ఆట ఆడి చూపించారు. ఒక పాట వింటే మనిషి వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గుతుందని, పాల్గొన్నవారి తండ్రుల వయసుతో సర్దుబాటు కూడా చేసి, పద్ధతి ప్రకారం "నిరూపించారు". ఒక్క అంకె కూడా కల్పించలేదు, అక్కరకు రానివి దాచారంతే. 2015లో వంద మనస్తత్వశాస్త్ర ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే నిలిచినవి సుమారు 36. మరుసటి ఏడాది ఆర్థికశాస్త్ర ప్రయోగాలు పద్దెనిమిదింటిలో పదకొండు నిలిచాయి. పందెమేమిటో గవ్వలు వేయకముందే రాసి నమోదు చేయించే పద్ధతి ఇప్పుడు మెల్లగా అలవాటవుతోంది.

మన దగ్గర గొడవ ఇంకాస్త ముతక. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలున్నాయి. రచయితల వరుసలో మొదటి పేరుకు ఇంత, మూడో పేరుకు ఇంత అని వాట్సాప్‌లో ధరలు పంపేవారున్నారు. 2018లో విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ, తాను గుర్తించిన పత్రికల జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 పత్రికలను తొలగించింది. అదే ఏడాది కాపీ మీద నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు, అరవై దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. అప్పటి నుంచి మన విద్యార్థులకు ఆ శాతం మీదే ధ్యాస. "సార్, ఎనిమిది వచ్చింది" అని పరీక్ష ఫలితంలా చెబుతారు. ఇక్కడ ఒక చిక్కుంది. సొంతంగా కల్పించిన అంకెలు ఎవరి దగ్గరా కాపీ కొట్టినవి కావు. ఆ 120 ఫారాల పట్టికను కంప్యూటర్‌కు ఇస్తే సున్నా శాతం చూపి భేష్ అనేది.

అందుకని గడువు మూడు వారాలు పెంచి, మరుసటి సోమవారం తెల్లవారుజామున నేనూ అతనితో రేవుకు వెళ్లాను. చేపల రేవు ఆ వేళకే కిటకిటలాడుతోంది. వంజరం వేలం పాట ఒక పక్క, మంచుగడ్డలు దంచే చప్పుడు ఇంకో పక్క. మొదట దొరికిన పెద్దావిడ రొయ్యలు ఏరుతూ అడిగిన మొదటి మాట: "ఇవన్నీ చెబితే లోను ఇస్తారా బాబూ?"

కుర్రవాడు నా వంక చూశాడు. అవునంటే వంద ఫారాలు మధ్యాహ్నానికల్లా నిండుతాయి. ప్రయోగంలో పాల్గొనేవారికి అబద్ధం చెప్పి, అయ్యాక విడమరచి చెబితే చాలునని మనస్తత్వశాస్త్రంవారు కొన్ని షరతుల మీద ఒప్పుకుంటారు. అసలు చెప్పనే కూడదని ప్రయోగాలు చేసే ఆర్థికశాస్త్రంవారి పట్టు. ఇద్దరి మధ్యా నడిచే మా శాస్త్రంలో ఈ వాదన ఇంకా తెగలేదు. రేవులో మాత్రం తెల్లవారేలోగా తేల్చుకోవాలి.

"లేదమ్మా, ఏమీ రాదు. నా చదువు కోసం అడుగుతున్నాను" అన్నాడతను.

"అయితే తొందరగా అడుగు, బస్సు పోతుంది" అందావిడ.

నెలకెంత వస్తుంది? "ఆరు వేలో ఏడు వేలో." దాచేది? "వెయ్యి దాస్తాను, రాబడి లేని నెల దాచను." మేలో? ఆవిడ నవ్వింది. "మేలో నా బంగారం దాచేది బ్యాంకు."

మూడు వారాల్లో 41 ఫారాలు వచ్చాయి. అతను మొదట అనుకున్న ఫలితం వాటిలో తేలలేదు, తేలలేదనే రాశాడు. మార్కులు మామూలుగానే వచ్చాయి. ఆ 41 ఫారాలు నా బీరువాలో ఉన్నాయి. అన్నీ తడిసి ఆరి వంకరలు తిరిగాయి, రెండిటికి పొలుసులు అంటుకుని ఎండిపోయాయి. ఆదాయం గడుల్లో ఒకటీ అరా తప్ప అన్నీ వేల లెక్కే.

నమస్కారం.