మంచు సముద్రంలో ఓడకు దారి: ఉపగ్రహ చిత్రాన్ని ఎలా చదువుతారు?

[తెరపై: నలుపు తెలుపు రాడార్ చిత్రం. అంటార్కిటికా తీరం, ప్రిడ్జ్ అఖాతం, ఫిబ్రవరి నెలాఖరు. కింద మూలన చిన్న అక్షరాల్లో తేదీ, సమయం.]

ఈ చిత్రంలో తెల్లగా ఉన్నదంతా మంచు, నల్లగా ఉన్నదంతా నీళ్లు అనిపిస్తోందా? మొదటిసారి చూసిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఈ నల్లటి పట్టీ నీళ్లు కావు, కొత్తగా గడ్డకట్టిన పల్చటి మంచు. ఆ పక్కన మెరుస్తున్నది మంచు కాదు, గాలికి అలలు లేచిన నీళ్లు.

ఇలాంటి చిత్రం చూసే, ఏడాదికి సరిపడా డీజిలూ తిండిగింజలూ మోసుకెళ్తున్న ఓడకు ఎటు తిరగాలో చెప్పాలి. ఎలా చెబుతారో ఈ వీడియోలో చూద్దాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: చిత్రం ఎంత స్పష్టంగా ఉందన్నదానికన్నా, ఎంతసేపటి కిందటిదన్నదే ముఖ్యం. రెండూ చేతిలో ఉంటే, ఒకరోజు పాత స్పష్టమైన చిత్రాన్ని పక్కనపెట్టి, మూడు గంటల కిందటి మసక చిత్రాన్నే తీసుకోవాలి.

[తెరపై: మ్యాపు. షాద్‌నగర్ నుంచి భారతి కేంద్రానికి గీత.]

హైదరాబాద్‌కీ ఈ మంచుకీ సంబంధం ఉంది. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, మన భూ పరిశీలన ఉపగ్రహాల డేటాను షాద్‌నగర్‌లో ఉన్న యాంటెన్నాలతో అందుకుంటుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు 14 సార్లకు పైగా భూమిని చుట్టొస్తుంది గానీ, షాద్‌నగర్‌కు అందులో కొన్నిసార్లే కనిపిస్తుంది. ధ్రువానికి దగ్గర్లో ఉన్న యాంటెన్నాకైతే ఎక్కువ చుట్లలో కనిపిస్తుంది. అందుకని 2013లో అంటార్కిటికాలోని మన పరిశోధనా కేంద్రం భారతి దగ్గర ఒక గ్రౌండ్ స్టేషన్ పెట్టారు. అక్కడ దిగిన డేటా ఇంకో ఉపగ్రహం లింకు మీద షాద్‌నగర్ చేరుతుంది. మన అంటార్కిటికా యాత్ర ఓడలకు మంచు సూచనలు తయారుచేసేది అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్. యాత్రను నడిపేది గోవాలోని ఎన్‌సీపీఓఆర్, అంటే నేషనల్ సెంటర్ ఫర్ పోలార్ అండ్ ఓషన్ రీసెర్చ్.

[తెరపై: ఒకే ప్రాంతం మూడు రకాల చిత్రాల్లో.]

ఉపగ్రహ చిత్రాలు మూడు రకాలు. మొదటిది మామూలు ఫొటో లాంటిది. మోడిస్ అనే పరికరం 250 మీటర్ల స్పష్టతతో తీస్తుంది, చూడగానే అర్థమవుతుంది కూడా. కానీ మబ్బు పడితే పనికిరాదు, ధ్రువ శీతాకాలంలో వెలుతురే ఉండదు. రెండోది మైక్రోవేవ్ రేడియోమీటర్, అంటే సముద్రం నుంచీ మంచు నుంచీ వాటంతటవే వెలువడే మైక్రోవేవ్‌లను కొలిచేది. జపాన్ వాళ్ల ఏఎంఎస్‌ఆర్-2 రోజూ ధ్రువ సముద్రం మొత్తాన్ని చూపిస్తుంది, మబ్బులు పెద్దగా అడ్డురావు. అయితే చిత్రంలో ఒక్కో గడి, అంటే పిక్సెల్, కొన్ని కిలోమీటర్లుంటుంది. నెల ముందు, ఓడ కేప్‌టౌన్‌లో ఉండగా, ఈ ఏడు మంచు అంచు ఎక్కడిదాకా ఉందో చూసుకోవడానికి ఇది చాలు. తీరం దగ్గర మాత్రం దీన్ని నమ్మకూడదు, ఒకే గడిలో నేలా నీళ్లూ కలిసిపోయి లేని మంచు చూపిస్తుంది.

మూడోది రాడార్. దారి చెప్పేది ఇదే. చీకటైనా మబ్బైనా పనిచేస్తుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-1 పెద్ద పట్టీ మోడ్‌లో 400 కి.మీ. వెడల్పు ఒకేసారి చూస్తుంది. హైదరాబాద్ నుంచి కాకినాడకు నేరుగా గీత గీస్తే ఉండేంత వెడల్పు. మనవైపు నుంచి 2012లో రిశాట్-1, 2022 ఫిబ్రవరిలో ఈఓఎస్-04 ఈ పనికొచ్చే రాడార్లతో వెళ్లాయి.

[తెరపై: రాడార్ కిరణం పక్కకు వాలి నీటి మీద, మంచు మీద పడే యానిమేషన్.]

రాడార్ చిత్రంలో తెలుపంటే మంచు అని కాదు, పంపిన తరంగం ఎక్కువగా తిరిగొచ్చిందని అర్థం. రాడార్ ఏటవాలుగా చూస్తుంది కాబట్టి, నునుపైన చోట పడ్డ తరంగం అవతలికి వెళ్లిపోతుంది, ఆ చోటు నల్లగా పడుతుంది. ప్రశాంతంగా ఉన్న నీళ్లు నునుపే, పది సెంటీమీటర్ల లోపు కొత్త మంచూ నునుపే. అందుకే రెండూ నలుపు. గరుకుగా ఉంటే తరంగం వెనక్కి వస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన మంచు పలకలు గరుకు, గాలి రేపిన అలలూ గరుకే. అందుకే రెండూ తెలుపు.

మరి తేడా ఎలా పట్టాలి? రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టుకోవాలి. అడ్డంగా పంపి అడ్డంగా అందుకున్నది హెచ్‌హెచ్, అడ్డంగా పంపి నిలువుగా అందుకున్నది హెచ్‌వీ. గాలికి లేచిన అలలు హెచ్‌హెచ్‌లో మెరుస్తాయి గానీ హెచ్‌వీలో చాలావరకు నల్లబడిపోతాయి. మంచు హెచ్‌వీలోనూ కనిపిస్తుంది. సెంటినెల్ ఫైలు పేరులో 'డీహెచ్' అని రెండక్షరాలుంటాయి. ఈ జంట ఉందని దానర్థం. 'డీవీ' అని ఉంటే అందులో ఉన్నది వేరే జంట, గాలి ప్రభావం దానిమీద ఎక్కువ. మంచు పనికి డీహెచ్ దొరికితే డీవీ ముట్టుకోవద్దు.

హెచ్‌వీలో బాగా మెరిసే మంచు పలకలు కనిపిస్తే ఆగి చూడాలి. ఇంకా ఒక్క వేసవి కూడా దాటని మంచులో ఉప్పు ఎక్కువ, తరంగం లోపలికి దిగదు. ఏళ్లు గడిచిన మంచులోంచి ఉప్పునీరు కారిపోతుంది, ఆ ఖాళీల్లో గాలి బుడగలు మిగులుతాయి. తరంగం లోపలికి దిగి, ఆ బుడగలకు తగిలి నలుదిక్కులా చెదిరి, హెచ్‌వీలో వెలుగుతుంది. ఈ పాత మంచు మందం రెండున్నర మీటర్లు దాటొచ్చు. ఓడ ఒళ్లు చీల్చేది ఇదే.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, హెచ్‌వీలో నిలువు చారలు. అవి పరికరం సొంత రొద వల్ల, చిత్రంలో పక్కపక్కన కలిపిన పట్టీల మధ్య పడే మెట్లు, మంచు పగుళ్లు కావు. చార మరీ తిన్నగా, చిత్రం పొడుగునా ఉంటే అనుమానించండి. రెండోది, కరిగే కాలం. మంచు మీది హిమం తడిస్తే ఆ తడి తరంగాన్ని మింగేస్తుంది. పాత మంచూ కొత్త మంచూ ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి. అప్పుడు రెండు వారాల ముందు, చలిగా ఉన్నప్పుడు తీసిన చిత్రంలో పాత పలకల్ని గుర్తుపెట్టుకుని, వాటి ఆకారాన్ని బట్టి ఇప్పుడెక్కడున్నాయో వెతకాలి. ఈ ఇబ్బందిని కొంత తగ్గించేది పొడవైన తరంగం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్-అమెరికా ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్ రాడార్ ఉంది, దాని తరంగం సుమారు 24 సెం.మీ. సెంటినెల్‌ది 5.6 సెం.మీ. మాత్రమే. పైకెక్కిన మంచు గట్లు ఎల్-బ్యాండ్‌లో బాగా తేలతాయి. అయితే నైసార్ అదే కోణంలో అదే చోటికి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది కాబట్టి, రోజువారీ దారికి అదొక్కటే సరిపోదు.

[తెరపై: చిత్రం మూలన ఉన్న సమయం పెద్దదవుతుంది.]

ఇప్పుడు సమయం సంగతి. సముద్రం మీద తేలే మంచు గాలి వేగంలో సుమారు 2 శాతం వేగంతో కదులుతుందని పాత లెక్క, ఇప్పటికీ పనికొచ్చే లెక్క. గాలి వెళ్లే దిక్కుకు సరిగ్గా కాకుండా, దక్షిణార్ధగోళంలో కాస్త ఎడమకు, ఉత్తరార్ధగోళంలో కుడికి, 20 నుంచి 40 డిగ్రీలు పక్కకు జరుగుతుంది.

లెక్క కట్టి చూద్దాం. గాలి సెకనుకు 10 మీటర్లు. మంచు సెకనుకు 0.2 మీటర్లు. 12 గంటలంటే 43,200 సెకన్లు. మొత్తం 8.6 కి.మీ. చార్మినార్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు నేరుగా అంత దూరం ఉంటుంది. అంటే పొద్దున తీసిన చిత్రంలో చార్మినార్ దగ్గర కనిపించిన దారి, సాయంత్రానికి సికింద్రాబాద్‌లో ఉంటుంది, అప్పటికి మూసుకుపోకపోతే.

చిత్రాల మీద ఉండేది గ్రీనిచ్ సమయం. దాన్ని మన సమయం అనుకుంటే ఐదున్నర గంటల తేడా వస్తుంది, పై గాలికే నాలుగు కిలోమీటర్లు తప్పుతారు. ఓడ గడియారం మూడో సమయంలో ఉంటుంది. అందుకే ఓడకు పంపే ప్రతి చిత్రం మీదా, ప్రతి మాటలోనూ గ్రీనిచ్ సమయమే వాడాలి.

[తెరపై: ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపించే రెండు చిత్రాలు.]

రెండు రోజుల చిత్రాల్ని ఒకే చోట పెట్టి మార్చి మార్చి చూస్తే చాలా విషయాలు తేలిపోతాయి. కదలకుండా ఉన్నది తీరానికి అతుక్కున్న మంచు. కదిలింది తేలే మంచు. ఎటు, ఎంత జరిగిందో కొలిచి, వచ్చే గంటల గాలి సూచన కలిపితే, ఓడ అక్కడికి చేరే వేళకు దారి ఎక్కడుంటుందో అంచనా వస్తుంది. ఐస్‌బర్గులు ఈ లెక్కకు లొంగవు. వాటి ఒళ్లు చాలావరకు నీటి కింద ఉంటుంది కాబట్టి గాలికన్నా ప్రవాహం మాట ఎక్కువ వింటాయి, ఒక్కోసారి మంచుకు ఎదురు నడుస్తాయి. అడుగున నేలకు తగిలి ఆగిపోయిన ఐస్‌బర్గు వెనక గాలి మాటున ఖాళీ నీళ్లుంటాయి. చిత్రంలో అది చక్కటి దారిలా కనిపిస్తుంది, కానీ అది ఎక్కడికీ పోదు.

గాలి దిక్కు కూడా ఇంతే ముఖ్యం. అంటార్కిటికా లోపలి నుంచి సముద్రం వైపు వీచే గాలి మంచును తీరం నుంచి దూరంగా తోస్తుంది, తీరం వెంట నీళ్లు తెరుచుకుంటాయి. గాలి తిరిగి తీరం వైపు తోస్తే అదే దారి గంటల్లో మూసుకుంటుంది, లోపలున్న ఓడ ఇరుక్కుంటుంది. 2013 డిసెంబరు 24న కామన్‌వెల్త్ అఖాతంలో అకడమిక్ షోకాల్‌స్కీ ఓడకు ఇలాగే అయింది. గాలి తోసిన పాత మంచు చుట్టుముట్టింది. 2014 జనవరి 2న చైనా ఐస్‌బ్రేకర్ షువేలాంగ్ హెలికాప్టర్ 52 మందిని బయటికి తెచ్చింది. ఆ తర్వాత షువేలాంగ్ కూడా చిక్కుకుంది. గాలి మారి మంచు విడిపోయాక, జనవరి 7న రెండూ బయటపడ్డాయి.

[తెరపై: రంగుల ఐస్ చార్టు. పొలారిస్ లెక్క.]

ఇలా చదివినదాన్ని రంగుల చార్టుగా మారుస్తారు. పది పాళ్లలో మంచు ఎన్ని పాళ్లుందో రంగు చెబుతుంది: 1 నుంచి 3 ఆకుపచ్చ, 4 నుంచి 6 పసుపు, 7-8 నారింజ, 9-10 ఎరుపు. తీరానికి అతుక్కున్నది బూడిద రంగు. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ఎరుపులో ఉన్నది పది సెంటీమీటర్ల మంచైతే ఓడ మామూలుగా వెళ్తుంది, ఆకుపచ్చలో ఉన్నది పాత మంచైతే ప్రమాదం.

అందుకే 2017 జనవరి 1న ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడల నిబంధనలైన పోలార్ కోడ్ అమల్లోకి వచ్చాక పొలారిస్ అనే లెక్క వాడుతున్నారు. ఓడ తరగతిని బట్టి ఒక్కో రకం మంచుకు ఒక్కో అంకె ఉంటుంది. ఆ మంచు ఎన్ని పాళ్లుందో దాంతో ఆ అంకెను గుణించి, అన్నీ కూడాలి. పీసీ-7, అంటే ధ్రువ తరగతుల్లో అన్నిటికన్నా కింది తరగతి ఓడకు, ఖాళీ నీళ్లకు 3, 30-50 సెం.మీ. మంచుకు 1, బరువైన పాత మంచుకు మైనస్ 3. మూడు పాళ్లు నీళ్లు, ఐదు పాళ్లు పల్చటి మంచు, రెండు పాళ్లు పాత మంచు అనుకోండి: 9కి 5 కలిపి, అందులోంచి 6 తీస్తే 8. సున్నా కన్నా ఎక్కువ కాబట్టి వెళ్లొచ్చు. గాలికి మంచు దగ్గరికి చేరి ఒక పాలు నీళ్లు, మూడు పాళ్లు పల్చటిది, ఆరు పాళ్లు పాతది అయితే: 3కి 3 కలిపి, అందులోంచి 18 తీస్తే మైనస్ 12. మైనస్ 10 దాటింది, ఆ దారి వదిలేయాలి. సున్నాకూ మైనస్ 10కీ మధ్యలో ఉంటే పీసీ-7 ఓడ వేగాన్ని 3 నాట్లకు, అంటే గంటకు 3 నాటికల్ మైళ్లకు, తగ్గించుకుని వెళ్లాలి.

దగ్గరి దారి వేగమైన దారి కాకపోవచ్చు. మంచు పగలగొట్టుకుంటూ 30 నాటికల్ మైళ్లు 3 నాట్లతో వెళ్తే 10 గంటలు. చీలిక వెంట చుట్టూ తిరిగి 60 మైళ్లు 9 నాట్లతో వెళ్తే 6 గంటల 40 నిమిషాలు. డీజిలూ మిగులుతుంది.

[తెరపై: ఫైలు సైజు, లింకు వేగం.]

ఇక చిత్రం ఓడకు చేరాలి. 400 కి.మీ. చదరపు చిత్రం, 40 మీటర్ల గడితో, పది కోట్ల గడులు. రెండు చిత్రాలూ కలిపి సుమారు 400 ఎంబీ. సెకనుకు 2.4 కిలోబిట్ల పాత ఇరిడియం ఉపగ్రహ ఫోన్ లింకు మీద అది చేరడానికి 15 రోజులు. అందుకే ఓడ ముందున్న 100 కి.మీ. చదరం మాత్రం కత్తిరించి, గడిని 100 మీటర్లకు పెంచి, 300 కేబీ జేపెగ్‌గా పంపితే 17 నిమిషాల్లో చేరుతుంది. ఇప్పుడు వేగమైన లింకులు ఉన్నా ఈ అలవాటు మంచిదే. వాతావరణం చెడిన రోజున చిన్న ఫైలే చేరుతుంది.

అక్షాంశ రేఖాంశాల గీతలు తప్పక గీయాలి. ధ్రువపు మ్యాపులో పైన ఉన్నది ఉత్తరం కాదు. భారతి దగ్గర సున్నా రేఖాంశం పైకి ఉన్న మ్యాపులో ఉత్తరం దాదాపు కుడికి, తూర్పు కిందికి ఉంటుంది. గీతలు లేని చిత్రం చూసి "కొంచెం కుడికి" అని చెబితే ఓడ ఎటు తిరుగుతుందో ఊహించండి.

40 మీటర్ల గడిలో గ్రౌలర్ కనపడదు. అది నీటిపైన ఒక మీటరు కూడా లేవని ఐస్‌బర్గు ముక్క, ఓడకు రంధ్రం పెట్టడానికి అది చాలు. దాన్ని పట్టేది ఓడ రాడార్, సెర్చ్‌లైటు, ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, నిలబడ్డ మనిషి కళ్లు. ఆ మనిషి గంటగంటకూ మంచు ఎన్ని పాళ్లుంది, ఓడ పక్కన తిరగబడ్డ పలక ఎంత మందముంది రాసి వెనక్కి పంపాలి. రేపటి చిత్రాన్ని సరిదిద్దేది ఆ నాలుగు అంకెలే.

[తెరపై: కోపర్నికస్ బ్రౌజర్.]

మీరూ చేసి చూడొచ్చు. యూరప్ వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. 69 డిగ్రీల దక్షిణం, 76 డిగ్రీల తూర్పు చుట్టుపక్కల, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, సెంటినెల్-1 పెద్ద పట్టీ, డీహెచ్ ఉన్న రెండు చిత్రాలు దించుకోండి. ఒకే కక్ష్య నుంచి తీసినవైతే కోణం మారదు, పోల్చడం తేలిక. రెండింటినీ మార్చి మార్చి చూసి, కదలని మంచు అంచు మీద గీత గీయండి. ఆ తర్వాత ఒక పెద్ద పలకను ఎంచుకుని, అది ఎన్ని కిలోమీటర్లు జరిగిందో కొలిచి, ఆ రోజుల గాలిలో 2 శాతంతో సరిపోయిందో లేదో చూడండి.