మూడు నాలుగు వారాల్లో లేచిపోయిన రంగు

[తెర మీద: రంగుల చెక్కపెట్టె. రథం మీద రాజు, ఎక్కుపెట్టిన బాణం]

ఇది ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో 1922లో పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్ బృందానికి దొరికిన పెట్టె. మూత మీద వేట, పక్కల మీద యుద్ధం. ఎంత సన్నని కుంచెపనో చూడండి! సుమారు 3,300 ఏళ్లు చీకట్లో నిలిచింది. బయటికి తెచ్చి శుభ్రం చేసిన మూడు నాలుగు వారాలకే అతుకులు విచ్చుకున్నాయి, రంగు ఉబ్బి లేవసాగింది.

ఎందుకలా?

[తెర మీద: చెక్క, తెల్లపూత, రంగు]

ఈజిప్టు పనివాళ్లు ముందు చెక్క మీద సుద్ద లాంటి తెల్లపొడిని జిగురుతో కలిపి పూసేవారు. బొమ్మ ఆ పూత మీద వేసేవారు. చెక్క తేమ పీలుస్తుంది, వదులుతుంది. వానాకాలంలో మన తలుపులు బిగుసుకుపోయేది అందుకే. పెట్టె ఉన్న గదిలో గాలి తేమగా ఉండేది. పని కోసం తీసుకెళ్లిన చోట పొడిగా ఉంది. దాంతో చెక్క పీచుకు అడ్డంగా కుంచించుకుంది. పూత కుంచించుకోలేదు. చోటు చాలక పైకి లేచింది. అంటే దెబ్బతీసింది వయసు కాదు, మారిన గాలి.

కార్టర్, రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ లూకాస్ కరిగించిన పారఫిన్ మైనం పోసి దాన్ని నిలబెట్టారు. ఆ టెన్షన్‌లో అంత నిబ్బరంగా పనిచేసినందుకు వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. అయితే చెక్కలోకి ఇంకిన మైనాన్ని మళ్లీ పూర్తిగా బయటికి తీయడం చాలా కష్టం.

[తెర మీద: చీకటి గది, తెల్లగా మెరిసే చుక్కలు]

అందుకే ఇప్పుడు ఇలాంటి వస్తువులను ముట్టుకునే ముందే పరీక్షిస్తారు. నాకు బాగా నచ్చేది ఈ పద్ధతి: మామూలు వెలుగు వేసి, కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని పట్టే కెమెరాతో ఫొటో తీస్తారు. ఇసుక, సున్నం, రాగి కలిపి కాల్చి చేసిన ఈజిప్టు నీలం తెల్లగా మెరుస్తుంది. కంటికి ఆనని నీలపు రేణువు కూడా దొరికిపోతుంది! ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ అనే పరీక్ష రంగులో ఉన్న మూలకాలను చెబుతుంది. ఆర్సెనిక్ కనిపిస్తే లైటు తగ్గించాలి, ఎందుకంటే ఆర్సెనిక్ ఉండే హరిదళపు పసుపు వెలుగుకు పాలిపోతుంది. జిగురేదో, పాత మరమ్మతు మైనమేదో ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష తేల్చి చెబుతుంది. తేమ ఎక్కువైతే ఆ జిగురే బూజుకు తిండి.

[తెర మీద: బంగారు పూత శవపేటిక]

అదే రాజు బయటి శవపేటిక 2019 దాకా సమాధిలోనే ఉంది. చెక్క మీది బంగారు పూత పగుళ్లిచ్చింది. కైరో దగ్గరి గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి చేర్చాక, మరమ్మతు మొదలుపెట్టే ముందు దాన్ని ఏడు రోజులు విడిగా ఉంచి, పురుగూ బూజూ లేకుండా మందు పొగ పెట్టారు.