ఆగస్టు 15న ఇచ్చిన రక్తం సెప్టెంబర్ 19 తర్వాత ఏమవుద్ది?

అందరికీ నమస్తే అండి. మన వైజాగ్‌లో సేవా క్లబ్బులకి కొదవ లేదు, గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ కాలనీలో చూసినా ఒకటుంటుంది, చాలామంది మనసుపెట్టి చేస్తారు కూడా. కానీ ఏ క్లబ్బు వాళ్ళని కదిపినా ముందు చెప్పేది ఒకటే, "పోయిన ఆగస్టు 15కి 150 యూనిట్ల రక్తం తీయించాం అండి" అని. మరి సెప్టెంబర్‌లో ఎన్ని, అక్టోబర్‌లో ఎన్ని అనడిగితే సమాధానం ఉండదు. ఒక్కరోజులో ఎన్ని ఎక్కువ యూనిట్లు తీయిస్తే క్లబ్బు అంత బాగా నడుస్తున్నట్టు అనుకుంటారు చూడండి, నాకు ఎక్కడ లేని చిరాకు వచ్చేది అక్కడే. ఇవాళ దాని సంగతే చెప్తాను.

ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి వెళ్ళారనుకోండి, మూడు నెలలకి సరిపడా కూరలు ఒకేరోజు తెచ్చేసుకుంటారా? తెచ్చుకోరు కదా. కొత్తిమీర రెండ్రోజుల్లో వాడిపోద్ది, బంగాళాదుంపలు కొన్ని వారాలు ఆగుతాయి, ఎండుమిరపకాయలు డబ్బాలో పోసి పెడితే ఏడాది ఉంటాయి. రక్తం కూడా అంతే. మనం ఇచ్చిన ఒక్క సంచిని బ్లడ్ సెంటర్‌లో, అదే బ్లడ్ బ్యాంకులో, మెషిన్‌లో తిప్పి మూడుగా విడదీస్తారు. ప్లేట్‌లెట్లు మన కొత్తిమీర, 5 రోజులే. ఎర్రకణాలు దుంపలు, ఫ్రిజ్‌లో 35 రోజులు, ప్రత్యేక ద్రావణం ఉన్న సంచుల్లో అయితే 42. ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, మన ఎండుమిర్చి, ఐసులా గట్టిపరిచి ఫ్రీజర్‌లో పెడితే ఏడాది.

[స్క్రీన్ మీద క్యాలెండర్]

ఇప్పుడు ఆగస్టు 15 లెక్క చూడండి. ఆ వారం ఊరంతా క్యాంపులే, ఇక్కడ 150, పక్క కాలనీలో 100, ఇంకో చోట 80. కొత్తిమీర 20వ తారీఖుకి అయిపోయింది. దుంపలు సెప్టెంబర్ 19 దాకా, ఆ లోపు పేషెంట్లకి ఎక్కించకపోతే పారబోయాల్సిందే. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు, కానీ దీని తర్వాతది ఎవరూ ఆలోచించట్లేదు. ఆరోజు రక్తం ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్ళు 120 రోజులు. అంటే నవంబర్ 13 దాకా మీ క్లబ్బులో ఇచ్చేవాడే లేడు! పొలాలన్నీ ఒకేరోజు కోసేసి, మళ్ళీ కాపు వచ్చేదాకా రైతుబజార్ మూసేసినట్టు. సరిగ్గా ఆ మూసేసిన రోజుల్లోనే, వానలు పడి దోమలు పెరిగి డెంగీ కేసులు వచ్చేది, ప్లేట్‌లెట్ల కోసం జనం హాస్పిటళ్ళ చుట్టూ పరిగెత్తేది.

తలసేమియా పిల్లల గురించి కూడా చెప్పాలి, ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని జబ్బు అది. వాళ్ళకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకి సెలవులిచ్చేస్తారు, స్టూడెంట్లు ఊళ్ళకెళ్ళిపోతారు, క్యాంపులు ఉండవు, కానీ ఆ పిల్లలకి సెలవుల్లేవు కదండీ. అందుకే నన్నడిగితే మండుటెండలో మే నెలలో 20 యూనిట్లు తీయించిన క్లబ్బే గొప్ప క్లబ్బు, ఫోటోలో జనం తక్కువ కనపడినా సరే.

మరి ఏం చెయ్యాలి? మీ దాతల లిస్టుని నాలుగు జట్లు చెయ్యండి, నెలకొక జట్టు. అప్పుడు ఎవరి వంతు అయినా నాలుగు నెలలకోసారే వస్తుంది, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ గడువు సరిపోద్ది, ఒక్కొక్కరు ఏడాదికి మూడుసార్లు ఇస్తారు. రైతుబజార్‌కి రోజూ కొంత సరుకు దిగినట్టు నెలనెలా కొంత దిగుద్ది. నెగెటివ్ గ్రూపు వాళ్ళని మాత్రం జట్లలో కలపొద్దు, వాళ్ళు తక్కువమంది, ఫోన్ వస్తే వెళ్ళేలా విడిగా ఉంచండి. ఏ నెలలో ఏ గ్రూపు తక్కువగా ఉందో బ్లడ్ సెంటర్ వాళ్ళకే ఫోన్ చేసి అడగండి, మనం ఊహించుకోవడం ఎందుకు, ప్రభుత్వం వాళ్ళ ఈ-రక్త్‌కోష్ వెబ్‌సైట్లో కూడా స్టాక్ కనపడుద్ది.

ఇంక లిస్టు. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు ఉంటే చాలనుకుంటారు, చాలదు. చివరిసారి ఇచ్చిన తారీఖు ఉండాలి, ఉండే ఏరియా ఉండాలి, ఉద్యోగం షిఫ్టు ఉండాలి. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్‌లో కావాలంటే మహారాణిపేట, పూర్ణామార్కెట్ వాళ్ళకి ఫోన్ చెయ్యాలి గానీ మధురవాడ వాళ్ళని లాక్కొస్తే ఎలా, సాయంత్రం ఆ ట్రాఫిక్ మీకు తెలుసుగా. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు దిగి నిద్రలేకుండా వచ్చిన మనిషి చేత ఇప్పించకూడదు, ఆయన ఇస్తానన్నా సరే. ఈ లిస్టుని ప్రతివారం కూర్చుని సరిచేసే ఒక్క మనిషి ఉంటే క్లబ్బు సగం నడిచినట్టే. ఆ మనిషికి దండ వేసేవాడు లేడు, స్టేజి మీదికి పిలిచేవాడు లేడు, నాకు చాలా బాధేస్తుంది ఇది చూస్తే.

వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్, ఓ నెగెటివ్" అని ఎవరైనా పెడితే అందులో తారీఖు, టైము, హాస్పిటల్, ఎన్ని యూనిట్లు, ఇవన్నీ లేకుండా ఫార్వర్డ్ చెయ్యొద్దు. దొరికాక "అందింది, ఇంక ఫోన్లు చెయ్యొద్దు" అని మళ్ళీ పెట్టాలి. లేకపోతే ఆ మెసేజ్ ఎక్కడెక్కడో తిరిగి, పాపం ఆ ఇంటివాళ్ళకి వారాల తరబడి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఇంకొకటి, వాలంటీర్లు కోప్పడేది. "మేం ఊరికే ఇస్తుంటే బ్లడ్ సెంటర్ వాళ్ళు పేషెంట్ల దగ్గర డబ్బులు తీసుకుంటారేంటి" అని. అది రక్తం రేటు కాదండి. ప్రతి సంచికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు టెస్టులు చెయ్యాలి, సంచి ఖర్చు, విడదీసే ఖర్చు ఉంటాయి. రక్తం అమ్మడం మాత్రం సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి దేశంలో నిషేధం. దాతకి డబ్బిస్తామని ఎవరైనా గ్రూపులో పెడితే వెంటనే తీసెయ్యండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. క్యాంపులో రక్తం తీసేది మనం కాదు, లైసెన్స్ ఉన్న బ్లడ్ సెంటర్ టీమే, మన పని హాలు, నీళ్ళు, మనుషులు. వయసు 18 నుంచి 65, మొదటిసారి ఇచ్చేవాళ్ళు 60 లోపు. బరువు కనీసం 45 కేజీలు, హిమోగ్లోబిన్ 12.5. టాటూ వేయించుకుంటే ఏడాది ఆగాలి. వెనక్కి పంపినవాళ్ళ పేర్లు కూడా లిస్టులో రాసుకోండి, హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్ళు డాక్టరుకి చూపించుకున్నారో లేదో తర్వాత కనుక్కోండి, ముఖ్యంగా ఆడపిల్లల్ని. క్లబ్బు రిజిస్టర్ చేయించాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి, బ్యాంకు అకౌంటు క్లబ్బు పేరు మీదే ఉండాలి, ఇద్దరి సంతకాలతో. లెక్కల పుస్తకం గురించి ఇందులో చెప్పలేకపోయాను, అది వచ్చే వీడియోలో. ఈలోపు మీ క్లబ్బు క్యాలెండర్‌లో ఏ నెల ఖాళీగా ఉందో కింద కామెంట్‌లో పెట్టండి, పక్క ఏరియా వాళ్ళది చూసి మీది సర్దుకోవచ్చు.