తలల లెక్క, ఓట్ల లెక్క: వర్జీనియా పదో నియోజకవర్గం

సభికులందరికీ నమస్కారం.

అమెరికా శివారు ప్రాంతాల రాజకీయం ప్రస్తావనకు రాగానే, ఫలానా వర్గం ఇంత శాతం ఉంది కనుక ఫలానా పార్టీకి ఇన్ని ఓట్లు పడతాయని తేల్చేయడం టీవీ చర్చల్లో పరిపాటి. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి నేను వర్జీనియా రాష్ట్రంలోని పదో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాన్ని ఎంచుకున్నాను. వాషింగ్టన్‌కు పడమట ఉన్న ఈ నియోజకవర్గంలో, 2021 చివర రాష్ట్ర సుప్రీంకోర్టు ఖరారు చేసిన సరిహద్దుల ప్రకారం, లౌడన్, ఫాకియర్, రాపహానాక్ కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) పూర్తిగానూ, ప్రిన్స్ విలియం, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో కొంత భాగమూ, మనాసస్, మనాసస్ పార్క్ పట్టణాలూ ఉన్నాయి.

వీటిలో బరువంతా లౌడన్‌దే. 1990లో 86 వేల జనాభా ఉన్న ఆ కౌంటీ 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటింది. 1962లో ప్రారంభమైన డల్లెస్ విమానాశ్రయం చుట్టూ రక్షణ కాంట్రాక్టర్లు, వారి వెనక ఇంటర్నెట్ సంస్థలు, ఆ తర్వాత ఇంటర్నెట్ సమాచారాన్ని నిల్వచేసే కంప్యూటర్లుండే డేటా సెంటర్లు వచ్చాయి. ఆష్‌బర్న్‌లో వాక్స్‌పూల్ రోడ్డు మీద వెళ్తే కిటికీలు దాదాపు లేని పెట్టెల్లాంటి భవనాలు వరుసగా కనిపిస్తాయి. వాటికి కూతవేటు దూరంలోనే కాలనీలు. కుటుంబ ఆదాయంలో దేశంలోనే ముందు వరుసలో నిలిచే ఈ కౌంటీలో దాదాపు అయిదో వంతు మంది ఆసియా సంతతివారు. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ ప్రాంతాల్లో తెలుగు వినపడని వీధి అరుదు. పడమటి వైపు మాత్రం గుర్రపుశాలలు, పచ్చిక బయళ్లు, తరతరాల భూస్వామ్యం. రాపహానాక్ కౌంటీ మొత్తం జనాభా ఏడు వేల పైచిలుకే.

రాజకీయంగా చూస్తే, ఇక్కడ రిపబ్లికన్ ఫ్రాంక్ వుల్ఫ్ 1981 నుంచి 2015 దాకా ప్రతినిధిగా ఉన్నారు. లౌడన్ 1964 తర్వాత మళ్లీ డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థికి ఆధిక్యం ఇచ్చింది 2008లోనే. జనాభా స్వరూపం మారిపోయినంత వేగంగా ఫలితాలు మారలేదు. 2016లో ఈ నియోజకవర్గ ఓటర్లు అధ్యక్ష పదవికి హిల్లరీ క్లింటన్ వైపు గట్టిగా మొగ్గి, అదే బ్యాలెట్ కాగితం మీద కాంగ్రెస్‌కు రిపబ్లికన్ బార్బరా కామ్‌స్టాక్‌ను తిరిగి ఎన్నుకున్నారు. రెండేళ్ల తర్వాత ఆమె డెమొక్రాట్ జెనిఫర్ వెక్స్‌టన్ చేతిలో పెద్ద తేడాతో ఓడిపోయారు.

ఈ ఆలస్యానికి ఉన్న కారణాల్లో ఒకటి మనవాళ్లకు సంబంధించినది. నియోజకవర్గాలను గీసేది మొత్తం జనాభాను బట్టి. 2020 జనగణన ప్రకారం వర్జీనియాలో ఒక్కో కాంగ్రెస్ స్థానానికి సుమారు 7 లక్షల 84 వేల మంది. అందులో పసిపిల్లలూ ఉంటారు, హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారూ ఉంటారు. ఓటు వేసేది మాత్రం పౌరులే. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి, పౌరసత్వానికి తొలిమెట్టయిన గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ఇల్లు కొని, పన్ను కట్టి, పదిహేనేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్న కుటుంబంలో, అమెరికాలోనే పుట్టి పద్దెనిమిది నిండిన కూతురు ఒక్కతే ఓటరు కావడం వింతేమీ కాదు. నియోజకవర్గం ఏర్పడటానికి ఆ తల్లిదండ్రులు లెక్కకు వస్తారు, ప్రతినిధిని ఎన్నుకోవడానికి రారు. ఈ తేడాను పట్టించుకోకుండా చెప్పే ఏ విశ్లేషణనూ నేను నమ్మను.

మరో విశేషం: వర్జీనియాలో ఓటర్ల నమోదులో పార్టీ పేరు ఉండదు. ఎవరైనా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో, అంటే ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు వేయవచ్చు. ఈవీఎం మీటకు అలవాటుపడిన మనకు అక్కడి పోలింగ్ కేంద్రం కాస్త కొత్తగా ఉంటుంది. ద్వారానికి 40 అడుగుల అవతల కార్యకర్తలు నమూనా బ్యాలెట్లు పంచుతారు. లోపల ఓటరు పెన్నుతో గడి నింపి, కాగితాన్ని తానే స్కానర్‌లో పెడతాడు. 2024 జూన్‌లో డెమొక్రాటిక్ ప్రైమరీలో పన్నెండు మంది పోటీపడితే, సుహాస్ సుబ్రహ్మణ్యం సుమారు 30 శాతం ఓట్లతోనే గెలిచారు. బెంగళూరు మూలాలున్న తల్లిదండ్రులకు హ్యూస్టన్‌లో పుట్టిన ఆయన నవంబరులో 52 శాతం ఓట్లతో కాంగ్రెస్‌కు వెళ్లి, వర్జీనియా నుంచి ఆ సభలో అడుగుపెట్టిన తొలి భారతీయ అమెరికన్ అయ్యారు. మనవాళ్ల సంఖ్య పెరిగింది కాబట్టి గెలిచారని సంబరపడేవారు ఒక్కటి గమనించాలి: అదే రోజు లౌడన్‌లో అధ్యక్ష ఎన్నికకు సంబంధించి డెమొక్రాట్ల ఆధిక్యం 2020తో పోలిస్తే బాగా తగ్గింది.

ఇప్పుడు అక్కడ పార్టీ గీతలను చెరిపేస్తున్నవి రెండు: ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాల కోత, డేటా సెంటర్లు. డేటా సెంటర్లలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను వల్ల లౌడన్ ఇంటి పన్ను రేటు తగ్గించుకోగలిగింది. అదే సమయంలో వాటికి కావలసిన విద్యుత్ లైన్లు పడమటి పొలాల్లోకీ, తూర్పు కాలనీల్లోకీ చొచ్చుకొస్తున్నాయి. 2025 మార్చిలో కౌంటీ బోర్డు, ప్రత్యేక అనుమతి లేకుండా కొత్త డేటా సెంటర్లు కట్టే వీలును తొలగించింది. ఇలాంటి బోర్డు విచారణల్లో లేచి మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు కూడా అక్కడ మైకు ముందు నిలబడవచ్చు.