సన్న గీత ఎక్కడ నిలుస్తుంది: బెల్లెజా ఫాంట్ రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో మనం బెల్లెజా అనే ఇంగ్లీషు ఫాంటును పరిశీలిద్దాం. ఎడ్వార్డో తున్ని రూపొందించిన ఈ ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపార పనులకు కూడా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. హైదరాబాదులో బొటిక్ పేర్లకూ, నగల దుకాణాల ప్రకటనలకూ, పెళ్ళి పత్రికలకూ ఇటువంటి అక్షరాలను కోరి వచ్చేవారు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు కాబట్టి, దీన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందుగా రూపం చూద్దాం. తెరమీద ‘ఎ’ అనే ఇంగ్లీషు పెద్ద అక్షరాన్ని రెండు వందల పాయింట్లలో (పాయింటు అంటే అక్షరాల సైజు కొలత) పెట్టాను. ఎడమవైపు ఏటవాలు గీత సన్నగా ఉంది, కుడివైపు గీత నిండుగా ఉంది, మధ్యలోని అడ్డగీత కూడా సన్ననిదే. వెడల్పు మొన ఉన్న కలాన్ని ఒకే కోణంలో పట్టుకుని రాస్తే పైకి వెళ్ళేటప్పుడు సన్నగా, కిందికి దిగేటప్పుడు మందంగా గీత పడుతుంది. ఈ తేడా అక్కడినుంచి వచ్చిందే. సాధారణంగా ఇంత తేడా ఉన్న అక్షరాల చివర సెరిఫ్ అనే చిన్న పాదం ఉంటుంది. ఇక్కడ ఆ పాదం లేకపోవడం వల్ల అక్షరం తేలికగా, నగ మీది చెక్కడంలాగా కనిపిస్తుంది. నాకు ఈ ఫాంటులో అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

పాదం లేకుండా మందం మారే అక్షరాలు కొత్తవేమీ కావు. జర్మన్ ఫాంటు రూపకర్త హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్సులోని శాంటా క్రోచె చర్చిలో సమాధి ఫలకాల మీది అక్షరాలను చూసి, చేతిలో వేరే కాగితం లేక, వెయ్యి లీరాల నోటు మీదే నమూనా గీసుకున్నారు. అదే 1958లో ఆప్టిమా అనే ఫాంటుగా విడుదలైంది. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకంలో నల్లరాతి మీద 58,000కు పైగా పేర్లు ఆప్టిమాలోనే ఉన్నాయి. ఒక్కో అక్షరం ఎత్తు అర అంగుళానికి కాస్త ఎక్కువ మాత్రమే అయినా అవి చదవడానికి వీలుగా ఉండటానికి కారణం, ఆప్టిమాలో మందానికీ సన్నానికీ మధ్య తేడా మితంగా ఉండటమే. బెల్లెజాలో ఆ తేడా చాలా ఎక్కువ కాబట్టి అదే పని దీనితో చేయించలేం.

ఒక లెక్క చెబుతాను. సన్న గీత మందం ఫాంటు సైజులో నలభయ్యో వంతు అనుకుందాం. 72 పాయింట్ల అక్షరంలో ఆ గీత 0.6 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, ఏ ప్రెస్‌లోనైనా చక్కగా వస్తుంది. అదే 10 పాయింట్లకు తగ్గిస్తే 0.09 మిల్లీమీటరు కూడా ఉండదు. ముదురు రంగు మీద తెల్లని అక్షరాలైతే చుట్టూ ఉన్న సిరా పాకి ఆ గీతను మింగేస్తుంది.

మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళి పత్రికలో నేను చేసిన తప్పు ఇదే. వధూవరుల పేర్లతో పాటు వేదిక చిరునామాను కూడా ఇదే ఫాంటులో, తొమ్మిది పాయింట్లలో, బంగారు రంగు రేకుతో అచ్చు వేసే గోల్డ్ ఫాయిల్ పద్ధతిలో పెట్టాను. అచ్చు వేయడానికి లోహపు బ్లాక్ తయారుచేసే ఆయన “సార్, ఈ సన్న గీతలు నిలవవు, కొంచెం లావు చేయండి” అని ముందే చెప్పారు, నేను వినలేదు. గరుకు కాగితం మీద అచ్చయి వచ్చాక చూస్తే, ‘హైదరాబాద్’ అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరం అడ్డగీత పోయి రెండు స్తంభాలుగా, ‘ఇ’ అక్షరం ఒంటి స్తంభంగా మిగిలాయి. పెద్ద సైజులో ఉన్న పేర్లు మాత్రం ఎంతో అందంగా వచ్చాయి. చిరునామాను గీత మందం అంతటా ఒకేలా ఉండే మామూలు సాన్స్ (పాదం లేని) ఫాంటులోకి మార్చి రెండోసారి అచ్చు వేయించాను.

లావు చేయడం గురించి కూడా చెప్పాలి. బెల్లెజాలో బోల్డ్ (లావు రూపం) లేదు, ఉన్నది ఒకే బరువు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం చుట్టూ అవుట్‌లైన్ వేసి లావు చేస్తే సన్న గీతకూ మందపు గీతకూ ఒకే కొలత కలుస్తుంది, దాంతో అక్షరానికి అందం ఇచ్చిన తేడా కాస్తా తగ్గిపోతుంది. అంతకంటే వేరే ఫాంటు ఎంచుకోవడం మేలు.

దుకాణం బోర్డు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లోపల ఎల్‌ఈడీలు అమర్చే అక్షరాలకు గీత కనీస వెడల్పు ఉండాలి, సన్న గీతలో అవి పట్టవు. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద కారులో వెళ్ళేవారికి చదవడానికి దొరికేది కొద్ది క్షణాలే. ఆ దూరం నుంచి మందపు గీతలు మాత్రమే కంటికి ఆనుతాయి. అదే దుకాణంలో, కౌంటరు వెనుక గోడ మీద, ఇత్తడి అక్షరాలుగా ఈ ఫాంటును పెడితే చూడముచ్చటగా ఉంటుంది.

ఇక తెలుగు. బెల్లెజాలో తెలుగు అక్షరాలు లేవు, పక్కన మరో ఫాంటు తప్పదు. గీత మందం అంతటా ఒకేలా ఉండే నోటో సాన్స్ తెలుగు కంటే, మందం మారే నోటో సెరిఫ్ తెలుగు దీని పక్కన బాగా ఇమిడింది. సైజు మాత్రం అంకె చూసి కాక కంటితో సరిచూడండి. తెరమీద ‘లక్ష్మి’ అన్న మాట చూడండి: కింద రెండు వత్తులు, పైన గుడి ఉన్నాయి. ఇంగ్లీషు పేరుకు సరిపోయిన వరుసల ఎడమే దీనికీ ఇస్తే, వత్తులు కింది వరుసలోని తలకట్లకు తగులుతాయి. ఇందాక చెప్పిన పెళ్ళి పత్రికలో నేను తెలుగు పేరును పైన ఉంచి, దాని కింద ఒక పూర్తి వత్తు ఎత్తు ఖాళీ వదిలి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేరును పెట్టాను.